ఒక్క మట్టే

పోయినవి ముందు చెబుతాను. మా ఊళ్ళో మూడు బావులు, నీళ్ళు పడకుండానే పూడిపోయినవి. ఆ బావుల్లోంచి రాయి లాగి లాగి కూలబడిన ఎద్దులు నాలుగు జతలు, అందులో ఒక జత మాది. మా చేని గట్టు మీది చింతచెట్లు రెండు, రాతిని పేల్చే మందుకోసం కొట్టి అమ్మినవి. ఆ మందు పేలినప్పుడు పోయిన కన్ను ఒకటి, అది మా పెదనాన్న కొడుకుది. చివరగా మా తమ్ముడు ఓబులేసు. వీటికి ఎదురుగా వచ్చినదేమిటంటే ఒక జత అద్దాలు. రబ్బరు పట్టీతో తల చుట్టూ కట్టుకుని నీళ్ళలో చూసే అద్దాలు. అవి మా ఇంట్లోనే ఉన్నాయి.

ఇవన్నీ ఒకే మనిషి కింద వేయవలసినవి. ఆయన పోయాడని పోయిన వారం ఎర్రగుంట్ల స్టేషన్లో, ఆయన కింద పనిచేసిన బద్వేలు దస్తగిరి చెప్పాడు. "మేస్త్రీ పోయినాడప్పా, నీకు తెల్సునా?" అన్నాడు. నేను ఏదో అడిగేలోపల రైలు కదిలింది, అతను పరుగెత్తి ఎక్కాడు. నేను టీ తాగి, గ్లాసు ఇచ్చేసి, గనికి నడిచాను. ఆ రోజు కొలతలు రెండుసార్లు తప్పాను. గనిలో వాళ్ళు నావైపు వింతగా చూశారు.

నేను నాపరాళ్ళ గనిలో రాళ్ళు కొలిచేవాణ్ణి. బడికి పోయినవాణ్ణి కాను. శెట్టి అంగడి ముందు మూటలు మోస్తూ, లోపల ఆయన కొడుకు వల్లించే ఎక్కాలు విని నేర్చుకున్నాను. తర్వాత గుంతల కొలతలూ బావుల కొలతలూ నాకు నేనే కట్టుకున్నాను. అలాంటివాడికి ఆ మేస్త్రీతో పొసగడం కష్టం. ఎందుకంటే ఆయన నోట ఒకటి దాటి అంకె వచ్చేది కాదు.

ఆయన పేరు రాయను. మా ఊరికి ఆయన బావుల మేస్త్రీ, అంతే. కర్నూలు పడమటి పల్లెల నుంచి వచ్చినవాడు. డబ్బును దుడ్లు అనేవాడు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ మీద ఎప్పుడూ రాతిపొడితో ఉండేవాడు. ఎవరింటికి పోయినా ముందు నీళ్ళు అడిగేవాడు. ఇచ్చిన నీళ్ళు వెంటనే మింగడు. బుగ్గలో ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పి, కళ్ళు మూసుకుని, "ఇవి మీ బాయివి కావు, రెడ్డోళ్ళ బాయివి. మీ బాయిలో సున్నపు రుచి ఉండాది" అనేవాడు. తప్పు పోయినట్టు నేను ఒక్కసారీ చూడలేదు. ఆడవాళ్ళు నవ్వుతూనే భయపడేవారు. ఎవరి బావిలో ఎవరు తోడుకున్నదీ ఆ నోటికి తెలిసిపోయేది మరి.

నేల చూసేటప్పుడు బోర్లా పడుకుని చెంప మట్టికి ఆనించేవాడు. చేతితో రెండు దెబ్బలు వేసి వినేవాడు. ఎవరైనా మాట్లాడితే వేలు ఎత్తి ఆపేవాడు. అప్పుడు ఆయన ముఖం చూస్తే, కింద ఎవరో తనకు మాత్రమే చెబుతున్న రహస్యం వింటున్నట్టుండేది.

మా వైపు బావి లోతును మట్లలో చెబుతాం. మనిషి నిలువెత్తు ఒక మట్టు. మేస్త్రీ మొలకు ఎప్పుడూ ఒక నారతాడు చుట్టుకుని ఉండేవాడు. మట్టుకొక ముడి, కొసన ఒక రాతిముక్క. రోజూ పని ముగిశాక ఆ తాడు బావిలోకి వదిలి, ముడులు వేళ్ళతో తడుముతూ పైకి లాగేవాడు. గట్టు మీద రైతు నిలబడి ఉంటాడు, పెళ్ళాం మెడలోది అమ్మి తవ్విస్తున్న రైతు.

"ఇంకెంత మేస్త్రీ?"

"ఒక్క మట్టే అప్పా."

మర్నాడూ అదే మాట. పది రోజులకూ అదే మాట. నేను ఒకసారి పక్కకు పిలిచి అడిగాను. "ముడులు లెక్కపెడతావు కదా, నీకు తెలిసింది సరిగ్గా చెప్పరాదా?"

నవ్వాడు. ఆయన నవ్వితే ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయేది. "నువ్వు రాళ్ళు కొలిచేటోడివి లెక్కలప్పా. రాయికి గుండె ఉండదు. ఇంకా ఆరు మట్లు పట్టొచ్చు అని చెప్తే రైతు ఈ పొద్దే గడ్డపార పారేసి ఇంటికి పోతాడు. ఒక్కటి అంటే రేపు మళ్ళీ వస్తాడు. ఆరు ఒకట్లు తవ్వుతాడు గానీ ఒక ఆరు తవ్వడప్పా ఎవుడూ."

ఆ మాటలో నిజం లేకపోలేదు. బద్వేలు వైపు ఒక బావిలో ఆయన చెప్పిన ఒక్క మట్టు నిజంగా ఒక్క మట్టే అయింది. నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మి కింద ఉన్న మనుషులు తాళ్ళు పట్టుకుని పైకి పాకారట. ఆయనకు పూలదండ వేసి బండిలో ఊరేగించారు. ఆ ఊరేగింపు కథ మా దాకా వచ్చింది. అది వినే మా ఊరి మూడు బావులూ ఆయన చేతికి ఇచ్చారు. మిగిలిన బావుల కథలు మాత్రం ఏ బండీ మోసుకు రాలేదు.

వానలు వరసగా తప్పిన ఏళ్ళవి. ఊరూరా గంజి పోసేవారు. తవ్వించే రైతు లేడు, మేస్త్రీకి పని లేదు. అప్పుడు మద్రాసు నుంచి ఒక కంట్రాక్టరు మనిషి వచ్చాడు. సముద్రం మధ్యలో ఒక దీవి ఉందనీ, అక్కడ కొబ్బరితోటల్లో కూలీలకు తాగే నీళ్ళు చాలడం లేదనీ, బావులు తవ్వేవాళ్ళు కావాలనీ చెప్పాడు. చుట్టూ అంత నీళ్ళున్నవాళ్ళు నీళ్ళకోసం కడప జిల్లాకు వచ్చారని మా ఊళ్ళో చాలాకాలం నవ్వుకున్నారు.

మేస్త్రీ తనతో ఇద్దర్ని తీసుకుపోయాడు. ఒకడు బద్వేలు దస్తగిరి, రాతిపనివాడు. రెండోవాడు మా తమ్ముడు. దీవిలో తవ్వుతుంటేనే ఊట కమ్ముకుంటుందట, నీళ్ళలో మునిగి పనిచేసేవాడు కావాలన్నాడు. మా తమ్ముడికి అది చిన్నప్పటి నుంచీ ఆట. మంచి కాలంలో ఊరి బావిలో బిందె పడితే వాణ్ణే పిలిచేవారు. వాడి ఎల్ల వాడికి తెలుసు. "నాలుగు మట్ల దాకా నేను రాజునన్నా. ఆ కిందికి పోతే చెవుల్లో సూదులు గుచ్చినట్టుంటాది, మళ్ళీ పైకి రాలేను" అనేవాడు. ఊరందరికీ ఈ మాట తెలుసు. వాడి పెళ్ళాం నాగమ్మకు మరీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆమె బిందె వాడు కావాలనే బావిలో వదిలి, తెచ్చి చూపించాడు.

ముగ్గురు పోయారు, ఇద్దరు వచ్చారు.

మేస్త్రీ తిన్నగా మా ఇంటికే వచ్చాడు, అది ఒప్పుకోవాలి. అలవాటుగా నీళ్ళు అడిగాడు. నాగమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన ఈసారి బుగ్గన తిప్పలేదు, గటగటా తాగేశాడు. తర్వాత సంచిలోంచి ఆ అద్దాలు తీసి నేల మీద పెట్టి చెప్పాడు. ఆదివారం పని లేక దోనెలో సముద్రం చూడబోయాం, ఓబులేసు శంఖం కోసం మునిగాడు, తేలలేదు, మర్నాడు దీవి వాళ్ళు వెతికినా దొరకలేదు.

"ఎంత లోతు?" అన్నాను.

"ఒక్క మట్టే అప్పా."

ఆ మాటతో ఆయన మా ఇంట్లో చేసిన పని ఏమిటో ఆయనకు తెలిసి ఉండదని చాలాకాలం అనుకున్నాను. ఏడుపు మొదలుపెట్టబోయిన నాగమ్మ ఆగిపోయింది. తలుపు చాటు నుంచే అంది.

"నాలుగు మట్లల్లోంచి బిందె తెచ్చినోడు ఒక్క మట్టులో పోతాడా బావా? నిలబడితే తల పైకొస్తాదే. ఆయప్ప యాడనో ఉండాడు. అలిగి ఈళ్ళతో రాకుండా ఆడనే నిలిచిపోయింటాడు."

మేస్త్రీ తల వంచుకుని కూర్చున్నాడు. కాదనలేదు, అవుననలేదు. కాసేపటికి లేచి పోయాడు.

అప్పటి నుంచి నాగమ్మ గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. ఊళ్ళో మొదట ఓదార్చారు, తర్వాత గొణిగారు. ఒక నామకరణానికి పోయినప్పుడు, కుంకుమ పంచుతున్న ఆమె వరసగా వస్తూ నాగమ్మ ముందు భరిణె పట్టుకుని నిలబడిపోయింది. పెట్టాలో దాటిపోవాలో తెలియలేదు పాపం. నాగమ్మ తానే వేలు ముంచి పెట్టుకుని, "నువ్వేం భయపడాకు వదినా, ఒక్క మట్టే" అంది. ఆ తర్వాత ఆమెను పిలవడం తగ్గించారు. కడప దర్గా ఉరుసుకు పోయినప్పుడల్లా కొత్త గాజులు మాత్రం వేయించుకుని వస్తుంది.

ఒకనాడు నాతో తేల్చి చెప్పింది. "మేస్త్రీని సరైన అంకె చెప్పమను బావా. నాలుగు దాటింటే నేనే గాజులు తీసేస్తా. లోపలైతే ఎదురుచూస్తా. నాకేమన్నా పిచ్చి అనుకుంటాండారు గానీ నేను అడిగేది అంకెనే."

అంకె అడగడం నాకు తెలిసిన పని. అది రాబట్టడమే తెలియలేదు.

మేస్త్రీ ఆ రోజుల్లో గని పక్క టీ అంగడి దగ్గర కూర్చునేవాడు. దీవి నుంచి వచ్చినవాడని అందరూ చుట్టూ చేరేవారు. ఆయన చెప్పేది బాగా చెప్పేవాడు, అదే నాకు మంట.

"పోతా పోతా పోతే బయల్దేరిన కాడికే వస్తామప్పా. దారి తప్పేదానికే లేదు. చెట్లు అంటే చెట్లా అవి, మిట్టమధ్యాన్నం కూడా కింద ఎండ పడదు. ఎండ్రకాయ కొబ్బరిచెట్టు ఎక్కుతాది. నేలలో ఒక్క మట్టు తవ్వితే చాలు, నీళ్ళు! నోట్లో పోసుకుంటే ఉప్పు. యాడ తవ్వినా ఉప్పే."

"మరి తియ్యనీళ్ళు పడల్యా మేస్త్రీ?"

"పడకుండా నేను వస్తానా? దీవి నడిమధ్యలో మొగలిపొదలు ఉండాయి. ఒక్కొక్క పొద కింద మట్టి నాలిక మీద ఏసుకుంటా తిరిగినా. ఒక కాడ ఉప్పు లేదు. తవ్వితే కొబ్బరినీళ్ళేనప్పా అవి."

తర్వాత అందరూ అడిగేది ఒకటే. సముద్రం కింద ఏముంది అని. అప్పుడు మేస్త్రీ లేచి, పక్కింటి దొడ్లోంచి బొప్పాయి ఆకు తెంపి, దాని కాడ నోట్లో పెట్టుకునేవాడు. దీవిలో గవ్వల కోసం మునిగేవాళ్ళు రబ్బరు గొట్టం అలా పెట్టుకుంటారట. ఒక పెద్ద నాపరాయి మీద బోర్లా పడుకుని, చేతులు చాపి, ముఖం రాతికి ఆనించి, కాడలోంచి బుస్సు బుస్సుమని గాలి పీల్చేవాడు. కాళ్ళు నెమ్మదిగా ఆడించేవాడు. నేలను వినేటప్పుడు ఉండే ముఖమే అప్పుడూ ఉండేది. తల ఎత్తి చెప్పేవాడు.

"రాళ్ళు పూస్తాయప్పా ఆడ. ఎర్రవి, పసుపువి. వాటి సందుల్లో చేపలు, పెండ్లికూతురు చీరలు కట్టుకున్నట్టు."

"పూసినవి కాస్తాయా మేస్త్రీ? మన గనిలోకి రెండు విత్తనాలు తేకపోతివే!" అని ఎవడో అంటే అంగడంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు, ఒక కన్ను మూసుకుని.

నేను ఆ నాపరాయి వైపే చూసేవాణ్ణి. ఆ కథలో పీతలున్నాయి, చేపలున్నాయి, దోనె ఉంది, దోనె ఇచ్చినవాడి మెడలో పూసలు కూడా ఉన్నాయి. మా తమ్ముడు మాత్రం లేడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఆ రాయి మీది నుంచి ఒంటరిగానే లేచి, పొట్ట దులుపుకుని, టీ తాగేవాడు.

అసలు సంగతి దస్తగిరి చెప్పాడు, చాలా రోజులకు, నేను బద్వేలు పోయి అడిగితే. దోనెలో ముగ్గురూ ఉన్నారు. అద్దాలు ఒక్క జతే, వంతులవారీగా కట్టుకుని చూశారు. కింద తెల్లటి ఇసుక, దాని మీద శంఖం, గుండ్రంగా స్పష్టంగా. మేస్త్రీ అద్దాలు కట్టుకుని నీళ్ళలో ముఖం పెట్టి ఉండగా మా తమ్ముడు అడిగాడు. "లోతెంత మేస్త్రీ?"

"అడుగు కనపడతాండాదే. ఒక్క మట్టే!" అన్నాడట ఆయన, తల కూడా ఎత్తకుండా.

అది మావాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. మా నీళ్ళు బురద నీళ్ళు. మా చెరువులో గానీ వంకలో గానీ అడుగు కనిపించిందంటే మోకాలి లోతు, మహా అయితే మనిషి లోతు. లోతు నీళ్ళలో అడుగు చూసిన కన్ను మా సీమలో లేదు. మా తమ్ముడు మాట నమ్మి దూకాడు. దస్తగిరి పైనుంచి చూస్తూనే ఉన్నాడు. వాడు కిందికి పోతూ ఉంటే చిన్నగా అవుతూ పోయాడట. శంఖం ఇంకా కిందే ఉందట.

దాని మీద ఇంకొకటి. ఆ అద్దాలు పెట్టుకుని చూస్తే అన్నీ దగ్గరగా కనబడతాయని దీవి వాళ్ళు తర్వాత చెప్పారు. నేను నమ్మక, ఆ అద్దాలు కట్టుకుని గని గుంతలో తేట నీళ్ళలో ముఖం పెట్టి, నాలుగడుగుల లోతున పరచిన రాతిని చూశాను. మూడడుగుల్లో ఉన్నట్టే కనబడింది. కాబట్టి కనబడ్డ మూడు నిజానికి నాలుగు. ఆ సూత్రం నాకు తెలిసింది గానీ కనబడ్డది ఎంతో తెలియందే అది నాకు ఎందుకు?

దస్తగిరిని ఆఖరుగా అడిగాను. "మేస్త్రీ తాడు వేసి చూసినాడా?"

అతను చేతిలోని ఉలి పక్కన పెట్టాడు. "నేను ఈదుకుంటా ఒడ్డుకు పోయి మనుషుల్ని పిల్చకొచ్చినా అప్పా. వచ్చేతలికి ఆయప్ప దోనెలో కూచోని తాడు పిండుకుంటాండాడు."

"ఎంత దూరం తడిసింది?"

"దాన్ని చూసేదానికి అప్పుడు నాకు కండ్లు యాడుండాయి?"

అంటే కొలిచాడు. నీళ్ళలోకి తాడు వదిలి, రాతిముక్క ఇసుకకు తగిలేదాకా వదిలి, ముడులు వేళ్ళతో తడిమి పైకి లాగాడు. అంకె ఆయన దగ్గర ఉంది. ఆ అంకె పెట్టుకునే మా ఇంట్లో కూర్చుని ఒక్క మట్టే అన్నాడు. నాలుగు దాటిందని చెబితే, మా తమ్ముడు ఆయన మాటకు చచ్చినట్టు. నాలుగు లోపలంటే వాడి ఖర్మకు చచ్చినట్టు. ఒక్కటి అంటే ఎవరూ చావనట్టు.

కిందటి ఎండాకాలం ఆయనకు రొమ్ము చెడిందని విని వాళ్ళ ఊరు పోయాను. ఆదోని దాటి ఇంకా పడమటికి. జీవితమంతా పీల్చిన రాతిపొడి ఆయన రొమ్ములోనే ఉండిపోయింది. మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు, అలా ఉంటేనే ఊపిరి ఆడుతుందట. ఆ గొంతులోంచి వచ్చే చప్పుడు బొప్పాయి కాడలోంచి వచ్చే చప్పుడులాగే ఉంది.

నా దగ్గర దారిలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ళున్నాయి. ఆయన భార్య అవి గ్లాసులో పోసి ఇచ్చింది. ఒక గుక్క తీసుకుని, బుగ్గన తిప్పి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇవి మీ ఊరివి కావు లెక్కలప్పా. ఎర్రగుంట్ల టేషన్ నీళ్ళు. ఇంజనుకు పోసేవి."

నిజమే, స్టేషన్లోనే పట్టుకున్నాను. అంత జ్ఞాపకం ఉన్న నాలుక అది. నేను చుట్టూ తిప్పకుండా అడిగాను.

"మేస్త్రీ, నాగమ్మ పంపించింది. గాజులు ఉంచాల్నా తీయాల్నా అని అడుగుతాంది. నువ్వు తాడు వేసినావని నాకు తెలుసు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. అంకె చెప్పు."

ఆయన గ్లాసు మంచం కింద పెట్టాడు.

"అంకె వద్దులే. నాలుగుకు లోపలా, అవతలా? ఆ ఒక్క మాట చెప్పు."

తల పక్కకు తిప్పి నావైపు చూశాడు. "నా నోటెంబడి అంకె రాదప్పా. జనమంతా అంకెలు చెప్పింటే ఈ సీమలో ఒక్క బాయన్నా తవ్వేటోళ్ళా?"

"తవ్వకపోయింటే నాలుగు జతల ఎద్దులు బతికేవి. తవ్వినోళ్ళ సంగతి వదిలెయ్. మా నాగమ్మ యాడ తవ్వాల ఇప్పుడు?"

ఆయన భార్య వాకిట్లో నిలబడి వింటోంది. ఆమె చేతులకు కూడా నిండుగా గాజులున్నాయి. మేస్త్రీ ఒకసారి అటు చూశాడు. నిజంగా చెబుతాడనే అనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. తర్వాత మంచంపట్టె మీద ఉన్న చెయ్యి పైకి లేచింది, ఒక్క వేలు నిలబడింది, నేల చప్పుడు వింటున్నప్పుడు మమ్మల్ని ఆపిన వేలు.

"ఒక్క మట్టే అప్పా. పో ఇంటికి. ఆయమ్మను ఉండనీ గాజులతో."

జాలిపడి అన్నాడని దస్తగిరి అంటాడు. కావచ్చు. రైతుల మీద కూడా ఆయనది జాలే. ఆ జాలికి మా ఊరు ఏమి చెల్లించిందో మొదట్లోనే రాశాను.

పోయిన వారం స్టేషన్ నుంచి ఇంటికి వచ్చి, మేస్త్రీ పోయాడని నాగమ్మకు చెప్పాను. జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"పోయేముందర ఏమన్నా చెప్పినాడంటనా బావా?"

"ల్యాదమ్మా."

చేట ఒకసారి ఎగరేసి, పొట్టు పక్కకు ఊదింది. "ఆయప్ప పెండ్లాం గాజులు తీసుంటాదిలే పాపం. ఆయమ్మకు తేలిపాయ" అంది. చెరుగుతూనే ఉంది, గాజుల చప్పుడు ఇల్లంతా వినబడుతూనే ఉంది.

ఆయన చెప్పిన ఒక్క మట్లన్నీ నేను తర్వాత లెక్కకట్టాను. రెడ్డిగారి కొత్త బావిలో ఆ ఒకటి మూడయింది. చాకలివాళ్ళ బావిలో ఐదు. మా బావిలో ఆరు. మూడింట్లోనూ అప్పటికీ నీళ్ళు లేవు. బద్వేలు బావిలో ఒకటి ఒకటే. సముద్రంలో ఆ ఒకటి ఎంతయిందో కొలిచినవాడు ఆయనొక్కడే. ఆ అంకె మా ఇంటికి ఇంకా రావాలి.